మూడో మిషను మహిమ

పామిడికి వాన రాకుండా ఇంటర్నెట్ మాత్రం వచ్చిన రోజులవి. రెండువేల తొమ్మిది ఎండాకాలం. బస్టాండు వెనక సందులో కుళ్లాయప్ప నెట్‌సెంటరు, లోపల మూడో మిషను ముందర జయరాముడు, బయట గుట్టసామి ఆశ్రమం జీపు. జీపు ఆగకుండా హారను కొడుతోంది.

"బిరీన కొట్టప్పా కుళ్లాయప్పా. జీపు నిలబడుకోనుండాది."

"ఏం కొట్టమంటివి జయరామన్నా? ఇంకోసారి చెప్పు. నా చెవులు సరిగ్గా పనిచేస్తాండాయో లేదో చూసుకుంటా."

"కువైట్‌లో ఉండాడే మా తమ్ముడు ఆదెన్న, వానికి మెయిలు. 'తమ్ముడూ, మన మూడెకరాలు గుట్టసామి ఆశ్రమానికి రాసిచ్చేస్తాండా. ఈ పొద్దే రిజిస్ట్రీ. ఇంక నీ నడుము బాగైతాది. దిగులు పడాకు.' అంతే. కొట్టు."

"మీ తమ్ముని నడుముకూ పొలానికీ ఏం సంబంధమన్నా?"

"పొలంలో దోషముండాది. నాలుగు బోర్లేస్తే నాలుగింట్లో దుమ్మే లేచె. ఆ దోషమే పోయి వాని నడుములో కుచ్చునింది. సామి చెప్పినాడు."

"బోర్లో దుమ్ము లేస్తే దోషమైతే, ఈ జిల్లా మొత్తం రాసియ్యాల మీ గుట్టసామికి. రైలుపట్టాలతో సహా."

"నవ్వు, నవ్వు. నవ్వినోళ్లను చానామందిని చూసినాడు సామి. మొన్న విడపనకల్లు నుంచి ఒకాయప్ప వచ్చి ఇట్లే నవ్వినాడంట. నవ్వు ఆగలేదంట. నవ్వుకుంటానే బస్సెక్కినాడు, నవ్వుకుంటానే సంగటి తిన్నాడు. ఆఖరికి వాళ్ల మామ శవం కాడ గూడా నవ్వి, బావమరుదులతో తన్నులు తిన్నాడంట. ఇంకా నవ్వుతానే ఉండాడంట."

"ఎవురు చెప్పినారు?"

"తిప్పేషు. సామి శిష్యుడు. హారను కొట్టేది ఆయప్పే."

"వాడా! సరే. నీ కథ చెప్పు. సామికి మీ తమ్ముని నడుము సంగతి ఎట్ల తెలిసింది?"

"అదే కదా మహిమ! నేను నోరు తెరవలేదప్పా. పోయి కుచ్చుంటి. సామి కండ్లు మూసుకున్నాడు. ఈ పొద్దు కాదు, రేపు రా అన్నాడు. రేపు పోతే ఎల్లుండి రా అన్నాడు. మూడో దినం, గుక్క తిప్పుకోకుండా చెప్పినాడు చూడు! 'నీ తోడబుట్టినోడు సముద్రం అవతల బండి తోల్తాడు. నడుము పట్టుకోని పండుకోనుండాడు. పొలం అమ్మాకన్నా, వచ్చి చీనీచెట్లు పెట్టుకుంటా అని నిన్ను అడుక్కున్నాడు' అన్నాడు. ఏడుస్తాదని ఇంట్లో నా పెండ్లానికి గూడా చెప్పలేదు నేను. సామికెట్ల తెలిసె?"

"నీ మెయిల్లో చదువుకున్నాడు."

"ఏందీ?"

"నీ మెయిలు తెరిచి చదువుకున్నాడంటాండా. సామి గాకుంటే సామి కోసం తిప్పేషు."

"పాసువర్డు నాకొక్కనికే తెలుసప్పా! ఎవురికీ చెప్పాకన్నాడు మా తమ్ముడు, మా యమ్మ మీద ఒట్టు పెట్టించుకోని. ప్రాణం పోయినా చెప్పను."

"ప్రాణం పోకుండానే చెప్పినావు. ఈ మిషనుకు చెప్పినావు. నువ్వు మొదటిసారి మెయిలు తెరిచినప్పుడు, పైన పట్టీ మాదిరి ఒకటి దిగి అడగలే? 'ఈ పాసువర్డు గుర్తు పెట్టుకోమంటావా' అని?"

"అడిగింది."

"ఏం నొక్కినావు?"

"గుర్తు పెట్టుకో అని నొక్కినా."

"యాల నొక్కినావు?"

"ఇంకేం నొక్కాల? మూడు గుండీలు పెట్టినారు ఆడ. నువ్వే చదివి చెప్పినావు. ఒకటి గుర్తు పెట్టుకో, ఇంకోటి ఇప్పుడు వద్దు, మూడోది ఎప్పుడూ వద్దు. ఆ పొద్దు నువ్వు అంగడి తెరిచిన దినం కదప్పా. టెంకాయ కొట్టినావు, మిషన్లకు బొట్లు పెట్టినావు, మొదటి బేరమని నన్ను కుచ్చోబెట్టినావు. అట్లాంటి యాళ అది నోరు తెరిచి ఒకమాట అడిగితే, మొదటి మాటకే వద్దంటామా? అంగడి ఏం గావాల?"

"అయ్యో నా కర్మా!"

"నువ్వు గూడా అంటివి కదా, ఈ పొద్దు ఏమడిగినా ఎవురూ వద్దనాకండి అని."

"అంటి. అంటే... అన్నాలే. పూజ దినం నూరు మాటలంటాం. మనిషన్నోనికి తనకంటూ ఒక బుర్ర ఉండొద్దా? నువ్వే గాదులే, ఆ పొద్దు ఈ మిషను ముందర కుచ్చున్నోళ్లంతా అదే పని చేసినారు. ఇదో చూడు. పైన ఆప్షన్లు. అందులో సెక్యూరిటీ. అందులో గుర్తు పెట్టుకున్న పాసువర్డులు. నొక్కితే... చూడు, సంతకొచ్చినట్ల ఎట్ల నిలబడుకోనుండారో! ఇదో నువ్వు. ఇదో ఓబన్న. ఇది రామసుబ్బమ్మ కొడుకుది. మొత్తం ఊరు ఈడే ఉండాది, తలుపు తెరిచిపెట్టుకోని."

"రామసుబ్బమ్మ కొడుకు పరీక్ష పోతాదని రిజల్టు రాకముందే చెప్పె సామి!"

"తెల్లకాయితం ఇచ్చొచ్చినానని వాడే వాని స్నేహితునికి మెయిలు కొట్టినాడు. దానికి సామి యాలన్నా? వాని మొగం చూస్తే బర్రెగొడ్డు గూడా చెప్తాది."

"వాడు మెయిలు కొట్టింది నీకెట్ల తెలుసు?"

"నాకా? ఊరికే... తుడుస్తాంటే కనపడింది. సెంటరు నాది కదా, అన్నీ చూసుకోవాల. నా సంగతి వదిలిపెట్టు. ఆ తిప్పేషు సంగతి చూడు. రోజూ వస్తాడు. తక్కిన మిషన్లన్నీ ఖాళీగా ఉన్నా, నాకు మూడోదే కావాలంటాడు. దేవుని పటాలు చూసుకుంటాడేమోలే అనుకుంటి. దొంగనాయాలు, మీ బతుకులన్నీ మూటగట్టుకోని గుట్టెక్కిస్తాండాడు. ఆ ముసలోడు దానికి ఇంత బూడిద పూసి మళ్ల మీకే పంచుతాండాడు. మీరు కండ్లకద్దుకోని తెచ్చుకుంటాండారు."

"ఏమో అప్పా. నాకు నమ్మకం రాలే."

"రాదు. ఎట్లొస్తాది! ఒకపని చెయ్. చేతులు వెనక్కి పెట్టుకో. పాసువర్డు నువ్వు కొట్టేది లేదు, నేను నిన్ను అడిగేది లేదు. నీ పేరులో మొదటి అక్షరం కొడతాండా. మిగతాది అదే నింపుకునింది చూడు. కింద చుక్కలు గూడా వచ్చేసినాయి. ఒక నొక్కు. ఆ... తెరుచుకునింది. ఇదో, ఆదెన్న దగ్గర నుంచి కొత్త మెయిలు. నిన్న తెల్లారి వచ్చింది. నువ్వు చూసినావా దీన్ని?"

"లేదు. నిన్న నేను యాడ వచ్చినా?"

"విను మరి. 'అన్నా, నడుము నొప్పి పోయింది. డాక్టరు మంచి మాత్రలిచ్చినాడు. మళ్ల బండెక్కినా. ఈ ఏడు ఆఖరుకు వచ్చేస్తా. ఇంక ఈ దేశంలో నా చేత గాదు. పొలం జాగ్రత్త. దాన్ని తల్చుకుంటేనే నాకు రాత్రిపూట నిద్ర పడతాది.' విన్నావా?"

"పోయిందా! నడుము నొప్పి పోయిందా వానికి!"

"పోయింది."

"చూస్తివా సామి మహిమ! రాసిస్తానని మాటిచ్చిన దానికే పోయిందే, ఇంక నిజంగా రాసిచ్చేస్తే..."

"రాసిచ్చేస్తే నడుమే పోతాది వానికి! మనిషివేనా నువ్వు? మాత్రలిచ్చినారని రాసినాడు కదా, మాత్రలు! ఈ బుర్రతో ఇన్నేండ్లు సేద్యమెట్ల చేసినావన్నా? వాన రాకపోయేది ఊరికే గాదు, నిన్ను చూసే వెనక్కి పోతాండాది."

"ఉండప్పా, ఉండు. నిన్న మాపటేళ గూడా పోయింటి సామి తావకు. నొప్పి ఇంకా ముదిరింది, కాళ్లలోకి దిగింది, రేపు గనక రాసియ్యకపోతే మనిషి దక్కడు అనె. అందుకే కదా ఈ పొద్దు ఆగమాగంగా బయల్దేరింది?"

"నిన్న పొద్దంతా పామిడిలో కరెంటు లేదు. తిప్పేషు వచ్చి, చెమట్లు తుడుచుకోని పోయినాడు. మీ సామి దివ్యదృష్టి గూడా కరెంటు మీదనే నడుస్తాది. జనరేటరు పెట్టుకోమని చెప్పుపో."

"అంటే... మా తమ్మునికి బాగైన సంగతి సామికి తెలీలే."

"తెలీలే."

"నీకు తెలిసె."

"నాకు తెలిసె. ఇప్పుడన్నా ఎక్కిందా బుర్రకు?"

"ఎక్కింది."

"అమ్మయ్య."

"ఆ సామి కండ్లు మూసుకోని మూడు దినాలు గింజుకుంటే గానీ చెప్పలేకపాయె. అదీ కడకు తప్పాయె. నువ్వు కండ్లు తెరుచుకోనే, ఒక్క నొక్కుకు, సముద్రం అవతల సంగతి ఉన్నదున్నట్ల చెప్తివి."

"ఊ. అయితే?"

"మిమ్మల్ని ఇన్నాళ్లూ ఏమప్పా, కొట్టప్పా అని పిలిస్తి. తప్పైపోయింది సామీ!"

"ఏయ్! ఏయ్! కాళ్లు వదులు! లెయ్ పైకి! ఎవురన్నా చూస్తారు!"

"చూడనీండి సామీ. ఈ సందులో, ఈ రేకుల కింద ఇట్ల ఉండారంటే, మమ్మల్ని పరీక్ష చేసేదానికే కదా?"

"నేనే పరీక్ష తప్పినోన్ని! డిగ్రీ రెండుసార్లు పోయింది నాకు! మా నాయన నన్ను గడప తొక్కనీడు!"

"గొప్పోళ్లందరూ ఇట్లే చెప్తారు సామీ."

"నీకు విడమరిచి చెప్పినా చూడు, నన్ను పట్టుకోని చెప్పుతో కొట్టాల. చూడు, ఇట్ల చూడు. 'అన్నీ తీసెయ్' అని గుండీ ఉండాది ఈడ. ఇది నొక్కితే ఈ మిషను అందరినీ మర్చిపోతాది. తిప్పేషుకు ఏం కనపడదు. ఆ ముసలోనికి కనపడదు. నాకు గూడా కనపడదు. నీ కండ్ల ముందరే నొక్కుతా. అప్పుడన్నా తెలుస్తాది, నేను సామిని గాదు, ఒట్టి కుళ్లాయప్పనని. నువ్వు పోయి ఆ జీపును పంపించెయ్."

"పంపించేస్తా సామీ. గుట్టసామికి ఇంక గుంట నేల గూడా ఇయ్యను."

"అదీ మాటంటే! ఇన్నాళ్లకు మనిషి మాదిరి మాట్లాడినావు."

"మీకు రాసిస్తా."

"నాకా? ఆ దుమ్ములేచే బీడు నేనేం చేసుకోవాలన్నా, నెత్తిన పోసుకోవాల్నా? మేకలు గూడా మొగం తిప్పుకోని పోతాయి దాన్ని చూసి."

"పండేదానికైతే పనికిరాదు, నిజమే సామీ. గుట్టసామి గూడా పంటకని అడగలేదు. బెంగళూరికి పొయ్యే రోడ్డును పెద్దగ చేస్తాండారు చూడండి, సరిగ్గా దాని పక్కనుండాదని అడిగినాడు."

"రోడ్డుకు ఎంత దూరం?"

"దూరం యాడిది సామీ, పొలం గట్టు దిగితే రోడ్డే. మొన్ననే కొలతలేసి, రాళ్లు నాటిపోయినారు. సరే, మీరు ఆ గుండీ నొక్కేయండి. నేను పోయి జీపును పంపించొస్తా."

"గుండీకేం తొందర, ఆడనే ఉంటాది. జీపును పంపించి, వాకిలి దగ్గరికేసి రా నాయనా. మీ తమ్మునికి ఏం కొట్టాల్నో నేను చెప్తా."