ఎడమ బొటనవేలు

సైగలా? మేము సైగలు చేసుకున్నామా సార్? ఆ ఇన్విజిలేటర్ మేడం అలాగే రాసిందా? ఏదీ, ఇంకోసారి చదవండి. "ముందు బెంచీలోని పెద్దావిడ పలుమార్లు ఎడమచేతి బొటనవేలు చూపగా, వెనక బెంచీలోని కోడలు కూడా ఎడమచేతి బొటనవేలు చూపి బదులిచ్చినది." బాగుంది. వింటుంటే మేమిద్దరం ఏదో బ్యాంకు దోచుకోవడానికి బయల్దేరినట్టుంది.

కూర్చుంటాను, కూర్చుంటాను. డిపార్ట్‌మెంటు హెడ్డు కుర్చీ చూపించాక నిలబడితే బాగోదు. కానీ ఒక్క మాట చెప్పండి. అత్తాకోడళ్ళు సైగలతో మాట్లాడుకోవడం మీరెక్కడైనా చూశారా? మా ఇంట్లో నోటితో మాట్లాడుకోవడమే ఈమధ్య మొదలైంది.

నవ్వకండి సార్. నేను ఏడుపు ఆపుకుని మాట్లాడుతున్నాను.

ముందూ వెనకా ఎందుకు కూర్చున్నారంటే ఏం చెప్పను? కూర్చోబెట్టింది మీరేగా. అక్షర క్రమంలో వేశారు. మా ఇంటిపేరే దానికీ వచ్చింది. పెళ్ళి చేసిన పాపానికి నా వెనకాలే పడింది పిల్ల.

సరే, మొదట్నించీ చెప్తాను. ఈ వయసులో నాకు ఈ వెక్టర్ కాలిక్యులస్ లెక్కలేమిటని ఇందాక అడిగారు కదా. మీరే కాదు, అందరూ అడిగారు. మా అబ్బాయి అయితే తలుపు దగ్గరికి వేసి మరీ అడిగాడు, ఒంట్లో బాగానే ఉందా అమ్మా అని. డిగ్రీలో అన్నీ పాసయ్యాను సార్. ఈ ఒక్క పేపరే మిగిలిపోయింది. సరిగ్గా ఆ పరీక్ష రోజునే నాకు నొప్పులొచ్చాయి. పుట్టినవాడు ఎవరో కాదు, తలుపు దగ్గరికి వేసి అడిగినవాడే.

ఆ తర్వాత సంసారం, పిల్లాడు, ఏదో ఒకటి. మా ఆయన మంచివాడే, కాదనను. కానీ ఇంటికెవరొచ్చినా "మా ఆవిడ డిగ్రీ చదివింది, దాదాపు" అంటాడు. ఆ "దాదాపు" అనేటప్పుడు చెయ్యి ఇలా ఊపుతాడు. ఇన్నేళ్ళూ అది నాకు పంటికింద రాయిలా తగులుతూనే ఉంది. మిగిలిపోయిన పేపర్లు మళ్ళీ రాసుకోవచ్చు, కాకపోతే క్లాసులకి రావాలి అని మీరు ప్రకటించిన మర్నాడే వచ్చి చేరాను.

సాయంత్రం బ్యాచి. లోపలికి వెళ్ళి చూద్దును కదా, కిటికీ పక్కన మా కోడలు. పనయ్యాక ఎక్కడో చదువుకుంటోందని తెలుసు. ఏం చదువుతోందో ఎప్పుడైనా అడిగితే కదా నేను. ఇద్దరం ముఖముఖాలు చూసుకున్నాం. ఎవరో ఎరగనట్టు తలూపుకుని చెరో మూలా కూర్చున్నాం.

అది నీటి సరఫరా ఆఫీసులో చేస్తుంది సార్. తాత్కాలికమే. ఏ పైపు పగిలినా, ఏ పంపు మొరాయించినా దాన్నే పంపిస్తారు. కాగితం మీద సంతకం మాత్రం ఇంకొకరిది. ఈ టర్ములో డిగ్రీ చేతికొస్తే ఆ సంతకం పెట్టే కుర్చీ దానిదే. రాలేదా, ఇంకొకర్ని తెచ్చి కూర్చోబెడతారు. దానికి మిగిలిందల్లా ఈ పేపరే. నాకూ ఈ పేపరే. చూడండి, ఎలా రాసిపెట్టి ఉందో.

పాఠం సంగతి అంటారా, మీ లెక్చరరు గారిని ఏమీ అనకూడదు, పెద్ద చదువు చదివినాయన. కాకపోతే ఆయన పాఠం మాకు చెప్పరు, బోర్డుకి చెప్తారు. బోర్డుకి చాలా బాగా అర్థమై ఉంటుంది. నేను గ్రేడియంట్ దాకా ఎలాగో నెట్టుకొచ్చాను. గుట్ట మీద నిలబడితే ఎటు నడిస్తే ఎక్కువ ఆయాసం వస్తుందో అటే గ్రేడియంట్ అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ప్రవాహం ఎటు సుడి తిరుగుతుందో చెప్పే కర్ల్ వచ్చేసరికి కళ్ళు తేలేశాను.

ఒకరోజు వంటింట్లో నేను పొయ్యి దగ్గరున్నాను. అది వెనకాల కూరగాయలు తరుగుతోంది. ముక్కు ఎగబీలుస్తోంది. ఉల్లిపాయల ఘాటేమో అనుకున్నాను. తిరిగి చూస్తే తరుగుతున్నది దోసకాయ. ఏమైందే అన్నాను. కర్ల్ ఎటు పోతుందో తెలియట్లేదు అత్తయ్యా అంది. ఇంట్లో అడుగుపెట్టినప్పట్నించీ ఉప్పెక్కడ, పప్పెక్కడ తప్ప అది నాతో అన్న మొదటి మాట అదే సార్.

నేను అప్పుడు గరిటె తిప్పుతున్నాను. గిన్నెలో సుడి తిరుగుతోంది. దాన్ని చూస్తూ ఉంటే ఠక్కున వెలిగింది నాకు. ఇటు రా, చూడు, ఇది ఎటు తిరుగుతోందో నీ వేళ్ళు అటు ముడువు, బొటనవేలు ఎటు చూపిస్తే కర్ల్ అటు అన్నాను. అని చెయ్యెత్తి చూపించాను. అదీ చూపించింది. ఇంతేనా అత్తయ్యా అంది. దాని ముఖం అలా వెలగడం నేనప్పటిదాకా చూడలేదు.

ఇంక అక్కణ్నించి వంటిల్లే మాకు క్లాసు. అన్నాలు ఆలస్యం, అడుగంటిన గిన్నెలు. మా ఆయన ఒకసారి మంచినీళ్ళకని వచ్చి, అత్తాకోడళ్ళిద్దరూ ఎదురెదురుగా నిలబడి బొటనవేళ్ళు చూపించుకోవడం చూసి, నీళ్ళు తాగకుండానే వెనక్కెళ్ళిపోయాడు.

ఇద్దరి పేపర్లలోనూ అవే తప్పులు ఎలా వచ్చాయనేగా? అదే సార్, అక్కడికే వస్తున్నాను. దాన్ని కుడిచేతి సూత్రం అంటారు. పేరులోనే ఉంది. నన్ను నిద్రలో లేపి అడిగినా చెప్తాను. కానీ కుడిచెయ్యి ఖాళీగా ఉంటే కదా? నా కుడిచేతిలో గరిటె. దాని కుడిచేతిలో కత్తి. ఇద్దరం ఎత్తింది ఎడమచెయ్యి. ఎడమచేత్తో చూస్తే బొటనవేలు తలకిందులుగా చూపిస్తుంది. అంకె సరిగ్గానే వస్తుంది, ప్లస్సు రావాల్సిన చోట మైనస్సు వస్తుంది. పరీక్షలో మళ్ళీ అదే కథ. కుడిచేతిలో పెన్ను.

పుస్తకం వెనక జవాబులున్నాయి కదా, చూసుకోలేదా అంటారా? చూసుకున్నాం. ప్రతిదానికీ గుర్తు తేడాగా ఉంది. అచ్చుతప్పులు అనుకున్నాం. పాపం, ఇంత మంచి పుస్తకం ఇంత అజాగ్రత్తగా వేశారేమిటని ఆ రాసినాయన మీద జాలిపడ్డాం కూడా.

నిన్న మీ కబురొచ్చాక గానీ తెలియలేదు. ఇద్దరం ఒకేచోట ఎలా తప్పామా అని ఒట్టి చేతులతో కూర్చుని మళ్ళీ చేశాం. అది ఈసారి కుడిచెయ్యి ఎత్తింది, నేను అలవాటుగా ఎడమదే. దాని బొటనవేలు పైకి, నాది కిందికి. అది నవ్వింది. నేను నవ్వలేదు.

నమ్మరా? సరే, ఒక పని చేయండి. ఆ పెన్ను అలాగే పట్టుకోండి. మీ టేబుల్ మీద సుడి తిరుగుతోంది అనుకోండి, గడియారం ముల్లుకి ఎదురు దిక్కున. కర్ల్ ఎటు? ఆలోచించకండి, ఊరికే చూపించండి.

చూశారా. ఏ చెయ్యి ఎత్తారు సార్? కర్ల్ పైకి పోవాలి, మీరు దాన్ని నేలలోకి దింపేశారు. దించుకోండి, దించుకోండి. ఎవరైనా చూస్తే సైగ అనుకుంటారు.

ఇంకా చూడండి. చెయ్యి అక్కర్లేని ప్రశ్న ఒకటుంది కదా, డబ్బాలోంచి బయటికి ప్రవాహం ఎంత అని. దానిది కరెక్టు. నాది తప్పు. పై మూత లెక్కేశాను, చుట్టూ లెక్కేశాను, డబ్బాకి అడుగుంటుందని మర్చిపోయాను. ఇన్నేళ్ళు డబ్బాలు తోమినదాన్ని. కాపీ కొట్టినదాన్నయితే ఆ లెక్క మాత్రం ఎందుకు వదిలేస్తాను?

నమ్మారు కదూ? మీ ముఖం చూస్తే తెలుస్తోంది. హమ్మయ్య. ఇంక మేం వెళ్ళొచ్చా?

ఏం? మీరు నమ్మితే చాలదా? రిపోర్టు కమిటీకి వెళ్ళిపోయిందా... గరిటె, కత్తి అని రాస్తే వాళ్ళు నవ్విపోతారా... ఆ, వింటున్నాను, చెప్పండి. ఇద్దరూ కాదంటే ఇద్దరి పేపర్లూ కొట్టేస్తారు. ఒకళ్ళు ఒప్పుకుంటే రెండోవాళ్ళ పేపరు దిద్దుతారు. గుర్తులు తప్పినా పాసు మార్కులకి ఢోకా లేదంటారు. బాగుంది.

మరి ఒప్పుకున్నవాళ్ళకి? మళ్ళీ రాయనివ్వరా? ఎప్పటికీనా?

ఆ మంచినీళ్ళు కాస్త ఇటివ్వండి.

నా తర్వాత దాన్ని పిలుస్తారు కదూ. బయట బల్ల మీద కూర్చుని ఉంది. ఇందాక నన్ను పిలవగానే నా చెయ్యి పట్టుకుంది. "అత్తయ్యా, మీరేమీ ఒప్పుకోకండి. నేను చూసుకుంటాను" అంది. దాని చూసుకోవడం నాకు తెలుసు. మీరు ఈ రూలు చెప్పీ చెప్పకముందే, నేనే మా అత్తగారి పేపరు చూసి రాశానండీ అంటుంది. మా ఆయన నా చదువు గురించి ఎవరికైనా చెప్పినప్పుడల్లా అది తల దించుకుంటుంది సార్, ఆ మాట తనని అన్నట్టు. ఆ కుర్చీ వదిలేసుకుంటుంది. రేపట్నించీ మళ్ళీ బురదలో పైపుల దగ్గర కూర్చుంటుంది, పైగా ఏమీ కానట్టు నవ్వుతుంది. మొండిఘటం.

ఆ తలుపు గడియ పెట్టండి. రాసుకోండి.

వెక్టర్ కాలిక్యులస్ పరీక్షలో అత్త కోడలి పేపరు చూసి రాసింది. కోడలికి తెలియదు. అంతే, రాయండి.

వెనక బెంచీ పేపరు ముందు బెంచీకి ఎలా కనిపించిందంటే, మెడ తిప్పి చూశాను. డబ్బా లెక్క ఎందుకు తప్పిందంటే, అప్పటికి మెడ పట్టేసింది. బొటనవేలా? దాని జవాబు కనిపించేసరికి బాగుంది అని నాకు నేనే చూపించుకున్నానని రాయండి. అది వేలెత్తింది మాత్రం నాకు బదులివ్వడానికి కాదు, లెక్క చేసుకుంటోంది. నిజం చెప్తే నవ్వుతారన్నారుగా మీ కమిటీ వాళ్ళు, ఇది నిక్షేపంగా నమ్ముతారు.

కడుపుమంటగా ఉంది సార్. అచ్చంగా నేను చేసిన తప్పు, నేను నేర్పిన తప్పు, దాన్ని కూడా దాని దగ్గర్నించి కొట్టేశానని చెప్పుకోవాల్సి వచ్చింది.

సంతకం ఇక్కడేనా? పెట్టాను.

ఒక్క సాయం చేయండి. దానికి ఇదంతా చెప్పకండి. కమిటీ ఇద్దర్నీ వదిలేసింది, మీ అత్తగారు మాత్రం మార్కులు చాలక తప్పింది అనండి. నమ్ముతుంది. డబ్బాకి అడుగు మర్చిపోయానని చెప్పినప్పుడే నన్ను చెడామడా తిట్టింది. ఇంట్లో వాళ్ళకి నేను ఫెయిలయ్యానని చెప్పుకుంటాను, నాకేం కొత్తా.

ఎందుకు చేస్తున్నానంటే... ఆ కాగితం మడిచి లోపల పెట్టేశారా? పెన్ను కూడా పెట్టేయండి.

నాకు మా కోడలంటే ఇష్టం సార్. ఈ మాట మాత్రం గడప దాటనివ్వకండి. తెలిసిందంటే ఇంట్లో దానికి నేనంటే ఉన్న ఆ కాస్త భయమూ పోతుంది.