పగిలిన దూలం కింద

1963 వానాకాలం. పర్చూరులో విద్యార్థులు ఖాళీ చేసిన పాత హాస్టల్లో పై అంతస్తులో మిరప బస్తాలు చేరాయి, కింద ఆడపిల్లల బడి నడుస్తోంది. ఆ పొద్దున టీచరు పిల్లల్ని ఇళ్లకు పంపేసి, బీటలిచ్చిన దూలం కింద ఒక్కతే కుర్చీ వేసుకుని కూర్చుంది. సంగతి తెలిసి బస్తాల షావుకారు పరుగున వచ్చాడు.

"బయటికి రండి టీచరుగారూ, జనం చూస్తున్నారు!"

"చూడనివ్వండి. బస్తాలు దించితే వస్తాను."

"ధర పెరగ్గానే దించుతానన్నానుగా."

"పోయిన నెలా అదే అన్నారు. దూలం అందాకా ఆగేలా లేదు."

"ఈ గదిలోనే ఉండి చదువుకున్నానండీ నేను. దీనికేం కాదు."

"అప్పుడు పైన పిల్లలు పడుకునేవాళ్లు. ఇప్పుడు మీ బస్తాలున్నాయి."

"ఉత్త భయం మీది."

"అయితే లోపలికి రండి. బెంచీ మీద కూర్చుని మాట్లాడుకుందాం."

దూలం కిర్రుమంది. ఆమె కదల్లేదు. షావుకారు గడప దాటబోయిన కాలు వెనక్కి తీసుకున్నాడు.

"రారేం?"

అతను వీధివైపు తిరిగి కేకేశాడు.

"ఒరేయ్, కూలీలని పిలవండ్రా! బస్తాలన్నీ దించెయ్యాలి!"

మొదటి బస్తా దిగాకే ఆమె లేచింది. కుర్చీ తీసుకుని బయటికి వచ్చింది.