రక్తం పోయే మనిషికి గడ్డలేంటి?

ఆయ్ అనకండి సాలమోను బాబాయిగారూ, వింటేనే ఒళ్ళు మండుతోంది! కాలు వాచిందంటే ఆయ్. నొప్పంటే ఆయ్. ముప్పై ఏళ్ళుగా మన పేటలో మీ ఆరెంపీ వైద్యమంతా ఈ ఒక్క ముక్క మీదే నడిచింది కదండీ?

లేవకండి, కూర్చోండి. కాకినాడ ఆస్పత్రి నుంచి తిన్నగా మీ దగ్గరికే వచ్చేను. మా రూతక్క బతికే ఉంది. ముక్కుకి ఆక్సిజన్ గొట్టం పెట్టేరు. మాట మధ్యలో ఆగి ఊపిరి తీసుకుంటోంది. బడిలో అరవైమంది పిల్లల్ని ఒక్క కేకతో కూర్చోబెట్టే పంతులమ్మండి!

ఎందుకో తెలుసా? ఎడమ పిక్కలో రక్తం గడ్డకట్టింది. అది ఊడి ఊపిరితిత్తుల్లోకి పోయింది. ఊడగొట్టిందెవరు? "నీరు దిగిందమ్మా, కొబ్బరినూనె కాచి గట్టిగా తోమండి" అన్నదెవరు? మన కోనసీమలో కొబ్బరినూనెకి లొంగని జబ్బుందా! జుట్టుకీ అదే, గజ్జికీ అదే, గడ్డకీ అదే.

మా అమ్మ మీ మాట పట్టుకుని రెండు రోజులు తోమింది. అక్క ఏడుస్తుంటే, "ఓర్చుకోవే, నీరు కదులుతోంది" అంది. కదిలింది లెండి.

ఏంటీ? రక్తం పోయే మనిషికి రక్తం గడ్డకడుతుందని ఎవరనుకుంటారంటారా?

నిజమే, ఎవరూ అనుకోరు. అక్కకి ఏడాదిన్నరగా పేగుల్లో పుళ్ళు, రోజుకి పదిసార్లు నెత్తురు విరేచనాలు. చూసినవాళ్ళు ఒంట్లో రక్తమే లేదంటారు. కానీ పేగు అలా రగులుతున్నంతకాలం, ఉన్న రక్తానికే గడ్డకట్టే గుణం పెరుగుతుందటండీ. మంచం పట్టినవాళ్ళకి మరీను. ఈ జబ్బున్నవాళ్ళకి మామూలు వాళ్ళకన్నా రెండు మూడింతలు ప్రమాదమట. కాకినాడ పెద్ద డాక్టరుగారు కాగితం మీద బొమ్మ గీసి మరీ చెప్పేరు.

మీకు తెలీదు. తెలీకపోవడం నేరం కాదంటారా? నేరమే! అజ్ఞానం కూడా దోపిడీయే! పేదవాడి ఒంటి మీద...

అలా చూస్తారేంటండీ? ముందు చేర్చిన అమలాపురం ఆస్పత్రిలో ఏం చెప్పేరనా?

మీరడుగుతారని తెలుసు.

అక్కడ దుర్గాభవాని అని కొత్త డాక్టరు. అక్కని చేర్చిన రెండో రోజే, రక్తం పల్చబడే ఇంజక్షను చెయ్యాలంది. కాళ్ళలో గడ్డలు రాకుండానట. నెత్తురు పోతున్న మనిషికి నెత్తురు పల్చన చేసే మందా! నేనూరుకుంటానా? గాట్ వాణిజ్య ఒప్పందం మీద మూడు సభల్లో మాట్లాడినవాణ్ణి! "బహుళజాతి కంపెనీల సరుకు అమ్ముకోడానికి మా అక్క ఒళ్ళే దొరికిందా?" అన్నాను. వార్డు మధ్యలో నిలబడి, "ప్రజల ప్రాణాలతో వ్యాపారం..." అంటే, పక్క మంచాలవాళ్ళు "నశించాలి" అన్నారండీ! ఒకాయనైతే సెలైను ఎక్కుతున్న చెయ్యే పైకెత్తేడు.

ఆవిడ అరవలేదు. రెండుసార్లు విడమరిచి చెప్పింది.

మంచం మీంచి అక్క, "పోనీ, చేయించుకుంటాన్రా జీవన్" అంది. "నీకు తెలీదు, నువ్వూరుకో" అన్నాను.

చివరికి డాక్టరమ్మ, వద్దంటే వద్దని రాసిమ్మంది. రాసిచ్చేను. ఒక్క అక్షరం తప్పు లేకుండా రాసి, కింద సంతకం పెట్టేను.

ఇంటికి తెచ్చిన నాలుగో రోజుకి కాలు వాచింది. మళ్ళీ అమలాపురం వెళ్దామని అమ్మ అంటే, కాదని మిమ్మల్ని పిలిచింది కూడా నేనేనండి. ప్రజావైద్యుడన్నాను మిమ్మల్ని.

కాకినాడలో అమ్మ అడిగింది, ఇదెలా వచ్చిందిరా అని. మీ పేరు చెప్పేను. తడుముకోలేదు. రేపు వచ్చి మీ గుమ్మంలో దుమ్మెత్తిపోస్తుంది, పడండి.

అక్కకి మాత్రం ఏమీ చెప్పలేదు. పొద్దున నర్సు ఇంజక్షను చేస్తుంటే అక్క నా వంక చూసింది. ఊపిరి కూడదీసుకుని, "అప్పుడు వద్దన్న మందు ఇదేనట్రా?" అంది.

బయటికొచ్చి బస్సెక్కేసేను. ఎవర్నో ఒకర్ని తిట్టాలి కదండీ. మీరైతే ఎదురుచెప్పరు.