నెత్తిన పోసిన నూకలు

"ఓ మెంటల్ మామా! నీ ఇంటికి పెద్దకారొచ్చింది, ఎవరో సారట, బయటికి రా!"

విన్నరా సార్? వీధి ఆ చివర అరిస్తే ఈ చివరిదాంక వినపడ్డది. ఆమె కిరాణం జానకమ్మ. తప్పు పట్టుకోకుర్రి, మంచి మనిషే. మొన్న నాకు జరమొస్తే రెండు పూటలు జావ పంపింది. ఆమె నన్ను తిడుతలేదు సార్, పిలుస్తుంది. నాకు ఇంకో పేరుందని ఆమెకు తెల్వది, గంతే.

కూసోర్రి, కూసోర్రి. ఆ కుర్చీ వద్దు, దాని కాలు ఊగుతది. గీ మంచం మీద కూసోర్రి. యోహానూ, నువ్వు గూడ లోపలికి రావయ్యా. సారు డ్రైవరువైతే నీకు ఎండ కొట్టదా?

ఏమన్నవ్ యోహానూ? నలుగురిని అడిగితే రామనర్సయ్య ఎవరో మాకు తెల్వదన్నరా? మరి ఇల్లెట్ల దొరికింది? 'మిర్యాలగూడ మిల్లుల డ్రయ్యరు కాడ పనిజేసినాయన' అంటే, 'ఓ, మెంటల్ మామనా!' అన్నదా జానకమ్మ? సారు ముంగటనే? హహ్హహ్హ! నా కడుపు నిండింది పో.

పదకొండేండ్లు జనార్దన్ సార్! మీరు పెట్టిన పేరు మిర్యాలగూడల బస్సెక్కి సూర్యాపేటల దిగింది. నాకంటే ముందొచ్చి ఈ వీధిల ఇల్లు కిరాయికి తీసుకున్నది.

ఏంది, నీళ్ళా? మైసమ్మా, సారుకు నీళ్ళియ్యి. మా ఇంటామె సార్. గుర్తున్నదా? నన్ను పనిలకెళ్ళి తీసేసిననాడు మీ కాళ్ళు పట్టుకున్నది. పోనియ్యిర్రి, కాళ్ళు పట్టుకున్నోళ్ళ మొఖాలు పైనుంచి ఏం కనపడ్తయ్!

నా పనేంది సార్ మీ మిల్లుల? గింజ కొరుకుడు. మిషన్లు ఎన్నొచ్చినా, డ్రయ్యరు ఎప్పుడు ఆపాలెనో రామనర్సయ్య పన్ను చెప్పాలె. వడ్లగింజ పంటి కింద 'టక్' మంటే ఆరినట్టు. మెత్తగ అణిగితే ఇంకా పచ్చి. పద్దెనిమిదేండ్లు ఒక్క లాటు చెడగొట్టలే. మీ నాయినగారు నన్ను 'మా పన్ను' అనెటోరు.

ఆ యేడు ఏమైందో నాకు తెల్వది. సావు లేదు, అప్పు లేదు. నిద్ర పోయింది. అన్నం ముద్ద మింగుడు పడకపోయేది. ఏ గింజ కొరికినా పచ్చిగనే అనిపించేది. 'టక్' మని నా చెవులతోని విని గూడ నమ్మకపోయేటోన్ని. ఇంకోటి కొరికిన, ఇంకోటి. దవడ వాచింది. డ్రయ్యరు మాత్రం ఆపలే. పొద్దు గూకేదాంక తిరిగింది. ఎక్కువ ఆరిన వడ్లు మిషన్ల పడితే ఏమైతది? లాటు లాటంత నూకలైంది.

తప్పే. కాదనను. కొట్టినా పడుదును.

మీరేం జేసిండ్రు? కాటా కాడికి అందరిని పిలిచిండ్రు. హమాలీలు, తౌడెత్తే ఆడోళ్ళు, లారీ డ్రైవర్లు గూడ. ఒక గుప్పెడు నూకలు తీసి నా నెత్తి మీద పోసి, 'ఈనాటి సంది వీని పేరు మెంటల్ రామనర్సయ్య' అన్నరు. మా అమ్మ గూడ నాకు గంత ఘనంగ పేరు పెట్టలేదు సార్! అందరు నవ్విండ్రు. పాపం, నవ్వకపోతే మీ ముంగట ఎట్ల ఉంటరు? నేను గూడ నవ్విన. అదే ఇప్పటికీ గుచ్చుతది.

ఆ తర్వాత మిర్యాలగూడ నుంచి కోదాడ దాంక ఏ డ్రయ్యరు కాడ నన్ను నిలవడనియ్యలే. తిరుమలగిరి దిక్కు మా బామ్మర్ది గొర్లుంటే ఆరేండ్లు అవే కాసిన, ఆ తర్వాతనే ఈ సూర్యాపేటకొచ్చిన. గొర్లు మంచియి సార్. పేరు పెట్టి పిలువయ్.

ఇగ పోయిన నెల! ఫంక్షన్ హాలుల మిల్లోళ్ళ మీటింగు. మీరు మైకు పట్టుకొని, 'మూడేండ్ల సంది నాకు మనసు బాగలేదు, గోళీలు మింగుతున్న. మా మిల్లుల ఎవ్వరికి ఇట్లయినా దాచుకోకుర్రి, నా దగ్గరికి రార్రి' అన్నరు. అబ్బబ్బ, ఏం చప్పట్లు! మా అల్లుడు కార్తీక్ ఆ వీడియో నాకే పంపిండు. 'మామా, లీడరంటే గిట్లుండాలె' అని కింద రాసిండు.

పంతొమ్మిదిసార్లు సూసిన సార్. మీ మాటల కోసం కాదు. యాడనన్న నా పేరొస్తదేమోనని.

రాలే.

అదే జబ్బు. మీకొస్తే చప్పట్లు, నాకొస్తే నూకలు. గిదేం న్యాయం?

ఇప్పుడేమో ఆదివారం కోదాడ మీటింగుల మీ పక్కన కూసోవాలె, శాలువా కప్పుతరు. గదేనా ఫోన్ల చెప్పింది? శాలువా నాకొద్దు. ఎండల శాలువా కప్పుకుంటే ఉన్న పేరు ఇంకింత గట్టిపడ్తది. మైకుల మూడు ముక్కలు చెప్పుర్రి. 'ఆ పేరు పెట్టింది నేను. కాటా కాడ, అందరి ముంగట పెట్టిన. ఆయన పేరు రామనర్సయ్య.' గంతే.

తల ఊపుతున్నరా? ఆగుర్రి, తొందరపడకుర్రి. నేను చెప్పేది వింటే ఆ తల ఆగిపోతది.

మీటింగుకు పదిరోజుల ముందు మీ సంగతి బయట పడ్డది గదా? మిల్లు గేటు కాడ, చాయ్ హోటళ్ళల్ల, 'సారుకు పిచ్చి లేసిందట' అని. అది ముదిరితే పరువు పోతదని మీరే మైకు అందుకున్నరని మంది అంటరు. ఆ మాట ఎవరు పుట్టిచ్చిండ్రో తెలుసా?

నేనే!

ఇదే సూర్యాపేటల, మనసు డాక్టరు కాడ, మంగళవారం నాడు. మీరు టోపీ, మాస్కు పెట్టుకొని గోడకు మొఖం జేసి కూసున్నరు. 'టోకెన్ పద్నాలుగు, మహేశ్వర్!' అని పిలిస్తే లేసిండ్రు. మహేశ్వరట! అట్ల ఎడమ భుజం దించి నడిచేటోడు జిల్లల ఇంకొకడున్నడా? మీకేమో ఇష్టమొచ్చిన పేరు పెట్టుకున్నరు, నాకేమో నూకలు పోసి పెట్టిండ్రు. నా ఒళ్ళు మండింది. తెల్లారి మొదటి బస్సుకు మిర్యాలగూడ పోయిన. హమాలీ మేస్త్రీకి ఒక్కనికే చెప్పిన, 'ఎవ్వరికి చెప్పకు' అన్న. పొద్దుగూకేసరికి కోదాడకు అందింది.

మిమ్మల్ని కిందికి గుంజుదామనుకున్న. మీరు స్టేజీ ఎక్కిండ్రు. నా ఖర్మ.

ఇగ తిట్టుర్రి. లేసి పోర్రి. యోహానూ, కారు తియ్యి.

ఏంది? మళ్ళ చెప్పు?

ఎరికేనా? నేనేనని మొదటినుంచి ఎరికేనా?

నన్ను గాడ సూసినవా! టోకెన్ తొమ్మిది... అవును, నాదే. పదకొండేండ్ల సంది నెలకొక్కసారి పోతున్న, మరి! నన్ను సూసే గోడ దిక్కు తిరిగినవా? నా గురించి ఒక్కనికి చెప్పలేదా? చెప్పింది నేనేనని తెలిసి గూడ ఇంత దూరమొచ్చినవా?

అయ్యో, నీ పాడుగాను! పగ గూడ కడుపునిండ తీర్చుకోనియ్యవు గదయ్యా నన్ను!

నవ్వుతున్నవా, ఏడుస్తున్నవా? ఏదో ఒకటి జెయ్యి. మాకు రెండూ అలవాటే.

సూడు, నేను మాఫ్ జెయ్యలే. ముందే చెప్తున్న. కోదాడకొస్త. స్టేజీ మాత్రం ఎక్క, మూడో వరుసల కూసుంట. ఆ మూడు ముక్కలు నువ్వు మింగితే నేనే లేసి అరుస్త. నా గొంతు జానకమ్మ గొంతు కంటె పెద్దది.

మైసమ్మా, పెట్టు ఇగ. మాఫీ వేరే, అన్నం వేరే. జానకమ్మా, దర్వాజ కాడ నిలవడి వినుడెందుకు, లోపలికొచ్చి కూసో. యోహానూ, ఇట్ల రా, కంచం అందుకో. అందరం ఒక్క వరుసల కూసుందాం.

ఏం సూస్తున్నవ్? ఆ, నూకలే. నువ్వొస్తున్నవని ఫోన్ రాంగనే మైసమ్మతోని నూకలే వండిచ్చిన. పచ్చిపులుసు పోసుకో, బాగుంటది. ఆనాడు నా నెత్తి మీద పోసినవి ఏరుకొని ఇంటికి తెచ్చిన. ఆ పూట గవే తిన్నం.

జానకమ్మా, ఈయన జనార్దన్. నేను రామనర్సయ్య. ఇంకోసారి పిలిచేటప్పుడు యాదుంచుకో.

తిను, జనార్దనా. జర మెల్లగ నములు. నూకలల్ల రాళ్ళుంటయ్.