ఎర్రగా చూపించిన దూలం

పూజ చేసి పోసిన కాంక్రీటులో తప్పుంటే దేవుడు ఒప్పుకుంటాడా అన్న సందేహం సైటు ఇంజనీరు వాసుదేవకు ఏళ్ళుగా ఉంది. బేతమంగళలో కడుతున్న కాన్పుల ఆసుపత్రి నమూనాను కంప్యూటరులో గీసే మధుర ఆ ఉదయం ఆయన్ని నిలదీసింది.

"దూలానికి మురుగు గొట్టం అడ్డమొస్తాదని మాడల్‌లో ఎర్రగా చూపించినాను కదా సార్. ఆ ఎరుపు యాడికి పోయింది?"

"ఓనరు దాచేయమన్నాడమ్మా. ఇంగ గంటలో ముహూర్తం, స్లాబు పొయ్యల్ల."

"పోసినాక దూలాన్ని పగలగొట్టి, లోపలి ఇనుప కమ్మీలు కోసి గొట్టం దూరుస్తారు. దాని కింద బాలింతలు పడుకోవల్ల. థూ, తలుచుకుంటేనే అసహ్యం సార్."

"పూజ చేసే అయ్యవారు వచ్చేసినాడు కదమ్మా."

"ఆయన మంత్రానికి తెగిన కమ్మీ అతుక్కుంటాదా?"

వాసుదేవ ఫోను తీసి మేస్త్రీని పిలిచాడు.

"పూజ కానియ్యప్పా. కాంక్రీటు మాత్రం గొట్టం దారి మార్చినాకే. ఓనరు అడిగితే నా పేరే చెప్పు."