వలసంచి లేని ఆడవాళ్లు

చాల్లేవే రిమ్మా, ఆ పెట్టె ఎన్నిసార్లు సర్దుతావ్? స్టేషనుకెళ్లే బస్సు సాయంత్రానికి గానీ రాదు. ఇలా వచ్చి కూర్చో. ఆగాగు, ముందు ఆ కుళాయి తిప్పు. ఇంకాస్త. ఇంకా ధారగా. ఆఁ, అదీ.

చూశావా, ఎందుకని కూడా అడగలేదు నువ్వు. చెయ్యి దానంతటదే వెళ్లింది. గోడలకి చెవులుంటాయని, నీళ్లు పారుతుంటేనే మాట్లాడాలని గిన్నెల ఫ్యాక్టరీ ఫోర్మన్ పెళ్లానికి ఎవరు నేర్పారమ్మా?

మూడు వారాల్నించీ ఈ సముద్రపొడ్డు ఆరోగ్య విడిదిలో ఒకే గదిలో పడుకుంటున్నాం. క్లావక్కా, క్లావక్కా అంటూ నొప్పి తగ్గాలని నా మోకాళ్లకి సముద్రపు బురద రాశావు. నా తల దువ్వావు. మీ ఆయన కజాన్‌లో గిన్నెలు చేస్తాడన్నావు, నేను ఊఁ కొట్టాను. భోజనాల హాల్లో ఆ సొట్టల చారు గిన్నె చూసి అందరూ నోరు పారేసుకుంటుంటే నువ్వొక్కదానివే కిక్కురుమనలేదు. గిన్నెల మీద బతికేదానివైతే ఒక్క మాటైనా అనవా?

సరేలే, మా ఆయన ట్రాక్టర్లు చేస్తాడని నేనంటే, ఏ ట్రాక్టరని నువ్వూ అడగలేదనుకో. అడిగుంటే చచ్చేదాన్ని. నాకు తెలిసింది చక్రాలు నాలుగని, అంతే!

అదలా ఉంచు. కమలాపళ్ల సంగతి చెప్పు.

ఏ కమలాపళ్లా? భలేదానివే! మొన్న బజార్లో ఆ క్యూ. మూల తిరిగి మందుల కొట్టు దాకా పోయింది. ఈ దేశంలో ఆడదానికి క్యూ కనిపిస్తే ఏం చేస్తుంది? ముందు వెళ్లి చివర నిలబడుతుంది, ఏమిస్తున్నారో తర్వాత కనుక్కుంటుంది. అవునా కాదా? పక్కగది తమారా చూడు, స్నానాల గౌనుతోనే పరిగెత్తింది. నువ్వేమో తలైనా తిప్పకుండా సముద్రం చూసుకుంటూ నడిచావు.

పైగా చేతిలో వలసంచి లేదు. దార్లో ఏం దొరుకుతుందో ఏమోనని ఓ వలసంచి జేబులో కుక్కుకోకుండా ఏ ఆడది గడప దాటుతుందే? ఎవరు దాటుతారో నేను చెప్పనా? సాసేజీలు, చాక్లెట్లు, డబ్బాపాలు కొట్లో అరల నిండా పేర్చి ఉండే ఊరి ఆడది దాటుతుంది. క్యూ అంటే ఏంటో మర్చిపోయినది దాటుతుంది. ముళ్లతీగ లోపలి ఊరు, మ్యాపులో లేని ఊరు. అలాంటి ఊరొకటి నాకు తెలుసు.

నవ్వుతావేం? ఓహో, అదా. నీ పక్కన నడిచిన నా చేతిలో మాత్రం సంచి ఉందా అని. లేదు. నేనూ ఆగలేదు. గదికొచ్చి చెప్పులు విప్పుతుంటే తట్టింది నాకా సంగతి. నీ తప్పు పట్టుకున్నానన్న సంబరంలో నా తప్పు నేను చూసుకోలేదు. నువ్వు మాత్రం అప్పటికే చూసుంటావు. నీ కళ్లు అలాంటివి.

కొండమీదికి తీసుకెళ్లిన రోజు సరేసరి. వాగు కనపడగానే అందరూ మేజోళ్లు విప్పి నీళ్లలోకి దిగారు. నువ్వు రాయి మీదే కూర్చున్నావు, కాళ్లు పైకి ముడుచుకుని. నేను జలుబన్నాను, నువ్వు తలనొప్పన్నావు. మన ఊరి ఏరు గుర్తొచ్చింది కదూ? ఆ ఒడ్డున కాపలావాడు, "దిగరాదు" అని బోర్డు, చేపలు పట్టరాదు, గొడ్లు తాగరాదు. ఎందుకో ఎవరూ చెప్పరు, మనమూ అడగం.

బోర్డు పెట్టకముందు నా లీదా అందులోనే ఈత నేర్చుకుంది.

ఇప్పుడు లేదులే. ఎనిమిదో తరగతికి రాకుండానే పోయింది. డాక్టరు గుండె అన్నాడు. గుండెట రిమ్మా! చెట్లెక్కే పిల్లకి. ఊళ్లోనే ఉంది, ఆ తెల్ల బెరడు బర్చి చెట్ల వెనకాల శ్మశానంలో. ఆదివారం ఆదివారం వెళ్లి పక్కన కూర్చుంటాను. ఏదో ఒకటి చెప్పి వస్తాను.

అందుకే నాకు నువ్వంటే భయం, తెలిసిందా? ఊళ్లోకి రానిచ్చే పాసు పీకేస్తే ఇల్లు పోతుంది, మా స్తెపాన్ ఉద్యోగం పోతుంది. పోనీ. ఎక్కడో ఓ గది ఇస్తారు, క్యూలో నిలబడటం మళ్లీ నేర్చుకుంటాను. కానీ ఒకసారి బయటికి పంపితే ఆ ముళ్లతీగ మళ్లీ దాటనివ్వరు. కన్నతల్లివైనా సరే. నా పిల్ల లోపల, నేను బయట.

బయల్దేరేముందు మన ఊరి భద్రతాఫీసువాళ్లు నీకూ చెప్పే ఉంటారుగా. ఊరివాళ్లు బయట కనిపిస్తే పలకరించొద్దు. నీ ఊరు ఎవరైనా పసిగడితే వెంటనే మాకు ఫోను చెయ్యి. ముందు చెప్పినవాళ్లని క్షమిస్తారు, వెనకబడ్డవాళ్ల పాసు పోయినట్టే.

మరి నిన్ను నా పక్క మంచంలో ఎవరు వేశారు? ఊరికే కుదిరిందంటావా? అన్ని గదులుండగా? నా నోరు ఎంత గట్టిదో చూడమని నిన్ను పంపారేమోనని మొదటి వారమే అనుకున్నాను. నువ్వు తల దువ్వుతుంటే ఒళ్లంతా బిగబట్టుకుని కూర్చునేదాన్ని. నువ్వూ నా గురించి అదే అనుకున్నావు కదూ? చెప్పు. చెప్పవులే.

క్యూబాలో క్షిపణుల గొడవప్పుడు మా ఆయన వారం ఇంటి మొహం చూడలేదు. మీ ఆయనా అంతేగా, గిన్నెలు చెయ్యడానికి! వచ్చినవాడు బూట్లతోనే మంచం మీద కూలబడి అన్నాడు: "అమెరికావాడికి యుద్ధం అక్కర్లేదు క్లావా. మనకీ అక్కర్లేదు. అక్కర్లేదని వాడంటే మనం నమ్మం, మనమంటే వాడు నమ్మడు. అందుకే మాకింత పని." అని గోడకి తిరిగి నిద్రపోయాడు. పిచ్చివాళ్లు, ఒకచోట కూర్చుని మాట్లాడుకోవచ్చుగా అనుకున్నాను నేను. అంత పెద్ద పెద్ద దేశాలు, ఆ మాత్రం తెలీదా అని తిట్టుకున్నాను.

ఇప్పుడు చూడు. మనం ఒకచోటే కూర్చున్నాం. ఒకే కెటిల్లో టీ తాగుతున్నాం. "రిమ్మా, నేను నోరెత్తను, నువ్వూ ఎత్తకు" అని నేనంటే నమ్ముతావా? నమ్మవు. అలా అనిపించి నిన్ను పట్టిద్దామని చూస్తున్నాననుకుంటావు. ఆ మాట నువ్వంటే నేనూ అలాగే అనుకుంటాను. ఒట్టేసినా అంతే. ఏడ్చినా అంతే.

అందుకని...

ఇటు చూడు, ఆ దువ్వెన అక్కడ పెట్టు. పొద్దున పోస్టుకార్డు కొంటానని వెళ్లాను కదా. కార్డు కొనలేదు. ఫోను చేశాను. రెండో అంతస్తులో నా గదిలో ఉన్నావిడ మనూరిదని కనిపెట్టాను, ఆవిడకి జాగ్రత్త తక్కువ అని చెప్పాను. పేరు కూడా చెప్పాను. ఊఁ. నీ పేరే.

తిట్టు. తిట్టవే. కొట్టినా పడతాను. నాకు నా పిల్ల కావాలి రిమ్మా, ఇంకేం అక్కర్లేదు నాకు.

నవ్వుతావేంటి మళ్లీ? పిచ్చా నీకు?

ఏమిటీ?

మొన్నే నా పేరు చెప్పేశావా? కమలాపళ్ల రోజునే? అమ్మకి ఫోను చెయ్యాలని పోస్టాఫీసులోకి వెళ్లావు కదే! గుమ్మం బయట నీ టోపీ పట్టుకుని నిలబడింది నేనే కదే! బయటికొచ్చి నాకు ఐస్‌క్రీం కొనిపెట్టావు! కరిగిపోతోంది తిను క్లావక్కా అన్నావు!

అబ్బో. నాకంటే రెండు రోజులు ముందున్నావన్నమాట. మంచిదానివే.

వద్దులే, ఏడవకు. నీకెవరున్నారు లోపల? కొడుకా? ఎన్నేళ్లు? బతికే ఉన్నాడుగా, నీతో పాటు బయటికి పంపేస్తారు, నీకా దిగుల్లేదు. పోనీ, ముందు చెప్పినదానివి నువ్వే, నిన్ను రానిస్తారేమో. ఏమో, ఇద్దరి నోళ్లూ వదులే అని ఇద్దర్నీ గెంటేస్తారేమో. వాళ్లకేం పోయింది.

ఒకవేళ రానిస్తే మాత్రం బర్చి చెట్ల దాకా వెళ్లు. నీలం కంచె వేసి ఉంటుంది, స్తెపానే రంగు వేశాడు. రెండు చాక్లెట్లు పెట్టు. మన కొట్లో దొరికేవే, ఎలుగుబంటి బొమ్మ కాగితంవి. అమ్మ రాలేకపోయిందని చెప్పు. ఎందుకు రాలేదో చెప్పకు.

టీ చల్లారింది, ఇలా తే. ఆ కుళాయి కూడా కట్టెయ్యి, నీళ్లు దండగ. వినేవాళ్లకి మనం చెప్పాల్సిందంతా చెప్పేశాంగా.