రాకు, వద్దు

హిందీ రాష్ట్రపు సరిహద్దు ఊరు కొంటాలో రోడ్డు మీది కిరాణా దుకాణం. మిట్టమధ్యాహ్నం, బేరాల్లేవు. గల్లా దగ్గర మొగుడు, పప్పుల డబ్బాల దగ్గర పెళ్ళాం.

"అంటే, ఎయిర్‌పోర్టు దాటి బయటికి పోయినవా?"

"దాటితే ఏంది? గేటుకు తాళం వేసుందా?"

"నేనేం చెప్పిన సుశీలా? బెంగుళూరు ఫ్లైటు దిగు, కుర్చీల కూసో, తొమ్మిది గంటలైనంక జగదల్పూర్ ఫ్లైటు వస్తది, ఎక్కు. మధ్యల లేవకు అన్నా లేదా?"

"తొమ్మిది గంటలు! పొదుగుతున్న కోడి గూడ నడుమ లేచి నాలుగు గింజలు తిని వస్తది."

"హైదరాబాదంటే కొంటా బజారనుకున్నవా? ఒక్కదానివి! ఎవడన్న సంచి గుంజుకపోతే?"

"పోతే పోనీ. సంచిల ఏముంది? పాప కాన్పుకని తీస్కపోయిన కారప్పొడి డబ్బా, అదీ ఖాళీది."

"నవ్వులాట గాదు. ఫ్లైటు తప్పితే ఏం చేస్తుంటివి?"

"తప్పలే గదా, నిన్న వచ్చిన గదా, ఇగో నీ ముందల... మీ ముందల నిలబడ్డ గదా. బస్సెక్కి కోఠిల దిగిన. చాయ్ తాగిన. గాజుల దుకాణం ముందల నా ఇష్టమొచ్చినంత సేపు నిలబడ్డ. 'ఇంక చాలు, పద' అన్నోడు ఒక్కడు లేడు. యాభై రెండేళ్ళల్ల అట్ల నడవలేదు నేను."

"ఫోనెందుకట్ల డబ్బా మీద నిలబెట్టినవ్?"

"మన పాప చేస్తనన్నది. ఉండనీండి."

"గాజులు చూసినవ్, బస్. ఇంకేడికీ పోలే గదా?"

"ఏడికి పోయిననని మీ భయం?"

"నాకేం భయం? ఆ ఊర్ల నీ... ఆమె ఉంటది గదా అని అడిగిన, అంతే."

"ఆమెకు పేరుంది. మహాలక్ష్మి. నా చెల్లె."

"తన పెళ్ళికి 'రాకు, వద్దు' అని ఉత్తరం రాసింది నీ చెల్లె. ఇరవై ఆరేళ్ళు మాట్లాడనిది నువ్వు. మధ్యల చదివిపెట్టిన పాపానికి నా మీదెందుకు గుర్రుమంటవ్?"

"అవును, మీరే చదివిపెట్టినరు. అమ్మానాయిన లేనోళ్ళం. ఉన్నది ఒక్క చెల్లె. అది నన్ను రావద్దన్నదని మీరు చదివిన రోజు ఆ పప్పు బస్తాల మీదనే పడి ఏడ్చిన. యాదికున్నదా?"

"ఉన్నది, ఉన్నది. ఆ మాట ఇడువు. హైదరాబాదు ముచ్చట చెప్పు."

"ఏం చెప్పాలె? ఆటో ఆయన్ని తెలుగుల అడిగితే హిందీల చెప్పిండు. సరేలెమ్మని హిందీల అడిగితే, 'ఏ ఊరమ్మా, తెలుగు రాదా' అన్నడు."

"అందుకే కుర్చీల కూసోమన్న."

"తిరగడానికి పోతే బోర్డుల మీద ఎక్కడ చూడు తెలుగే. మన భాషే! ఒక్క అక్షరం తెలిస్తే ఒట్టు. బస్టాపుల ఒకామెను అడిగిన, అదేం రాసుందమ్మా అని. 'అయ్యో, చదువుకోలేదా అక్కా' అన్నది. పన్నెండో క్లాసు ఫస్ట్ డివిజనమ్మా అన్న. ఇంకింత జాలి పడ్డది."

"భోపాలపట్నం హిందీ స్కూలు చదువు అంతే. మీ చెల్లె భద్రాచలంల అమ్మమ్మ కాడ పెరిగింది గనుక తెలుగు నేర్చింది. ఇక్కడ పెరిగినోళ్ళల్ల తెలుగు చదివేటోడు కొంటా మొత్తానికి..."

"సేఠ్ భీమశంకరం ఒక్కడే. తెల్సు. ఎవలింటికి పెళ్ళికార్డు వచ్చినా ముందు మన గల్లా కాడికే వస్తది. ఎర్రబోరు ఊరి సోమమ్మ గూడ తెచ్చింది. మీరు గురువారం అన్నరు. బుధవారం పెళ్ళికి పాపం గురువారం పోయి, పందిరి ఇప్పుతుంటే చూసొచ్చింది."

"అది అచ్చు తప్పు!"

"అవునవును, అచ్చు తప్పే."

"ఏంది ఆ మాట? తెలుగు సమాజానికి నన్ను ఊరికే అధ్యక్షుణ్ణి చేసిండ్రా?"

"నేనేమన్న అన్ననా? వినండి. కోఠిల రోడ్డు పక్కన ఒకాయన పాత పుస్తకాలు అమ్ముతున్నడు. మనవడికి అ ఆల పుస్తకం ఇయ్యి నాయనా అన్న. ఎన్నేళ్ళమ్మా అన్నడు. నలభై రోజులు అన్న."

"నీ మొహం!"

"ఆయన గూడ నవ్విండు. సరే, నాకే అని ఒప్పుకున్న. చేతి పర్సుల కుంకుమ డబ్బా కింద ఉన్న మహాలక్ష్మి ఉత్తరం తీసి చూపించి, 'ఇది నాయంతట నేను చదవాలంటే ఎన్నాళ్ళు పడ్తది' అని అడిగిన."

"ఆ ఉత్తరమా? అది... అది పారెయ్యలేదా నువ్వు?"

"ఎట్ల పారేస్త? నన్ను వద్దన్నా దాని చేతిరాత గదా. చదవరాకున్నా తీసి చూసుకుంటుంట."

"ఆయన చేతికి ఇచ్చినవా? ఏమన్నడు?"

"మీకెందుకట్ల చెమటలు?"

"ఎండ. ఆ ఫ్యాను తిప్పు."

"తిరుగుతనే ఉన్నది. ఆయన సంగతి తర్వాత. ఉత్తరం మడతల కాడ చినుగుతున్నదని జెరాక్సు తీపించిన. ఇగో. ఒకసారి చదవండి."

"ఇప్పుడా? అద్దాలు లేవు."

"నెత్తి మీదున్నయ్."

"గిరాకీలు వచ్చే టైము..."

"రోజూ వచ్చే జోగ ఇందాకనే ఉప్పు పట్టుకపోయిండు. ఇగ ఎండ తగ్గేదాక ఎవరూ రారు. చదవండి."

"ఇన్నేళ్ళకు ఏం పని దానితోటి..."

"నా చెల్లె ఉత్తరం. నాకు పనుంది."

"సరే, సరే. ఊఁ... 'అక్కకు నమస్కారాలు. నా పెళ్ళి కుదిరింది. నువ్వు రాకు. నాకు వద్దు. ఇట్లు, మహాలక్ష్మి.' అయిపాయె."

"పేజీ నిండ రాసుంటే అంతేనా?"

"మిగతాయన్నీ మర్యాదలు."

"ఎన్నాళ్ళు పడ్తదని అడిగితే, ఆ పుస్తకాలాయన నిలబడ్డకాడనే నిమిషంల చదివిండు. ఏమున్నదో తెల్సా? 'అక్కా, అమ్మ లేదు, నాయిన లేడు. నువ్వు రాకుంటే నాకీ పెళ్ళే వద్దు.'"

"ఏందీ?"

"రాకుంటే. పెళ్ళే వద్దు."

"అయితే... అయితే చాన దగ్గరికే వచ్చిన గదా!"

"దగ్గరికా! దగ్గరికంట!"

"అరవకు, బజారు వింటది. నేను మాత్రం ఏ తెలుగు బడికి పోయిన? బియ్యం బస్తాల మీది అక్షరాలు చూసి నేర్చుకున్న. పెళ్ళిచూపులల్ల నువ్వే అడిగినవ్, తెలుగు చదవొస్తదా అని. వస్తదన్న. అప్పటికి రెండు రకాల బియ్యం చదివేటోణ్ణి."

"మరి ఇన్నేళ్ళు బజారోళ్ళ ఉత్తరాలన్నీ ఎట్ల చదివినరు?"

"ఎవరు రాసినా ఏం రాస్తరు? అందరం క్షేమం, మీరు క్షేమమని తలుస్తం. అదే చదివిన. అందరూ సంతోషంగ పోయిండ్రు."

"నాకు గూడ క్షేమమే చదివితే పోయేది గదా!"

"నీకని కష్టపడి, అక్షరం అక్షరం కూడబలుక్కొని చదివిన సుశీలా. నిజాయితీగ చదివింది అదొక్కటే."

"ఏం నిజాయితీ! తల్లి లేని పిల్ల, అక్క వస్తదని రెండు ముహూర్తాలు తప్పించిందంట. మూడోదానికి అక్క పీట ఖాళీగ పెట్టి తాళి కట్టించుకున్నదంట. నేను పొగరుతోటి రాలేదనుకున్నది. అది పొగరుతోటి వద్దన్నదని నేననుకున్న. 'నాకు రాదు' అని ఒక్క మాట అంటే మీ ప్రాణం పోతుండెనా?"

"ప్రాణం గాదు, పరువు... ఆగు. పీట సంగతి నీకెట్ల తెల్సు?"

"పాప కాడ దాని నంబరు ఎప్పటి నుంచో ఉన్నదంట. రోడ్డు మీదనే నిలబడి చేసిన. అరగంటల దాని ఇంట్ల ఉన్న. దాని చేతి అన్నం తిని ఫ్లైటెక్కిన."

"పోయినవా! ఆమెకు చెప్పినవా? నన్నేమన్నది?"

"ఏమనాలె?"

"సుశీలా, తప్పే. ఒప్పుకుంటున్న. కాని లేనిది చదవలే నేను. ఈ జెరాక్సులనే చూడు, నా వేలు కాడ. ఇది 'రా'. పక్కన 'కు'. రాకు! ఉన్నదా లేదా? ఇగో, కింద 'వద్దు'. ఇది నేను పుట్టించిన్నా?"

"గట్టిగ చదవండి, ఫోనుకు వినబడేటట్టు."

"ఫోనుకెందుకు? రాకు! వద్దు! చాలా? ...ఇదేంది, లైన్ల ఎవరో ఉన్నరు. పాపా, నువ్వేనా?"

"నేను బావా, మహాలక్ష్మిని. అది పాత ఉత్తరం గాదు. నిన్న అక్క ముందల కూసోని రాసిచ్చిన, 'మా బిడ్డ పెళ్ళికి బావను గూడ తోలుకొని రా, కుదరదనకు, చదివింపులేం వద్దు' అని."